వంద కోళ్ల సీసా

మా గదిలోని ఫ్రిజ్ పెరుగును పెరుగులా ఉండనివ్వదు. గదితో పాటు అద్దెకు వచ్చిన ఫ్రిజ్ కాబట్టి గట్టిగా మాట్లాడే హక్కు నాకు లేదు. మీటను ఒకటి మీద పెడితే పాలు విరిగిపోతాయి, రెండు మీద పెడితే పెరుగు రాయవుతుంది. ఒకటికీ రెండుకీ మధ్య దానికి ఏమీ తెలియదు. ఆఫీసు నుంచి వచ్చి, అన్నంలో పెరుగు పెళ్లలు విరిచి వేసుకుని, అవి కరిగేదాకా ఫోను చూసుకుంటూ కూర్చోవడం మూడేళ్లుగా నాకు అలవాటైపోయింది. ఈ సంగతి ఓనరమ్మకు రెండుసార్లు చెప్పాను. మొదటిసారి చలికాలంలో చెబితే, "ఎండకాలం మంచిగైతది" అంది. ఎండాకాలంలో మళ్లీ చెబితే, "వానలు పడనీ" అంది.

గది నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, ఒక రెండంతస్తుల ఇంటి డాబా మీద ఉంది. మూడు వైపులా అద్దాల భవనాలు, నాలుగో వైపు పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు. మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు అటు తిరిగినా, ఎదుటి భవనం అద్దాల్లోంచి ఆ ఎండ మళ్లీ మా డాబా మీదికి వస్తుంది. ఆ భవనంలోనే ఏడో అంతస్తులో నా ఉద్యోగం. ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు, బండి మీద అయితే ఇరవై. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. పడితే రాసినవాడికి కోపం, పట్టకపోతే కొన్నవాడికి కోపం. రెండింటికీ నాకు జీతం ఒకటే.

మా ఓనరమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త పోయి చాలాకాలమైంది. కొడుకు, కోడలు, ఇద్దరు మనవలతో మొదటి అంతస్తులో ఉంటుంది. ఇప్పుడు నేను పనిచేసే భవనం ఉన్న చోట ఒకప్పుడు తమ జొన్నచేను ఉండేదని చెబుతుంది. గొప్పగా చెప్పదు, బాధగానూ చెప్పదు. షేర్ ఆటో ఎక్కడ ఆగుతుందో చెప్పినట్టు చెబుతుంది. భూమి పోయాక బర్రెలు పోయాయి. బర్రెల తర్వాత మేకలు పోయాయి. మిగిలింది ఇంటి వెనక గోడకు ఆనించి కట్టిన రేకుల గూడు, అందులో పద్నాలుగు నాటుకోళ్లు.

అవి కూడా దాదాపు పోయినవే. పోయినేడు వానలప్పుడు రోగం వచ్చి నాలుగు రోజుల్లో గూడు ఖాళీ చేసింది. ఒక ఎర్రపెట్ట మాత్రం ఎందుకో మిగిలింది. చుట్టాల ఇంటి నుంచి ఒక పుంజును తెచ్చి, ఆ ఎర్రపెట్టను రెండుసార్లు పొదగేసి, ఓనరమ్మ మళ్లీ మంద చేసింది. ఆ రోగాన్ని పుస్తకాల్లో కొక్కెర తెగులు అంటారు, డాక్టర్లు రాణీఖేత్ అంటారు. ఓనరమ్మ ఉత్త "రోగం" అంటుంది, వేరే రోగాలేవీ లెక్కలోకి రానట్టు. ఆఫీసులో ఒకసారి ఆ వారమంతా రాణీఖేత్‌తోనే సరిపోయిందని చెబితే, నా పక్క సీటు అమ్మాయి రూములు ఎంతకు దొరికాయని అడిగింది. అది కొండల్లో ఉన్న ఊరు కూడానట.

మంద మళ్లీ పెరుగుతున్న రోజుల్లోనే ఓనరమ్మకూ కొడుక్కూ ఒప్పందం కుదిరింది. నీళ్ల మోటారు సంగతి అడగడానికి కిందికి దిగినప్పుడు నా చెవిన పడింది.

"ఒక్కటే మాటమ్మా. ఈసారి గిట్ల మల్ల రోగమొచ్చి కోళ్లు పోతే, ఇగ కోళ్లు లెవ్వు, గూడు లేదు. గూడు తీసేసి ఆడ ఒక రూం ఏస్త."

"ఎయ్యి."

"ఎయ్యి అంటవ్, మల్ల ఏడికెళ్లో ఒక పెట్టను తెచ్చి గంప కింద పెడతవ్."

"అన్న గదరా. అన్నంక అన్నట్టే." ఓనరమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు సాక్ష్యం బిడ్డ."

మోటారు సంగతి ఆ రోజు తేలలేదు. సాక్షిగా మాత్రం స్థిరపడ్డాను.

తర్వాత రెండు నెలలకు, నేను ఇంటి నుంచి పనిచేస్తున్న ఒక శుక్రవారం, ఓనరమ్మ డాబా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ల నొప్పి వల్ల ఆమె పైకి రావడం అరుదు. వస్తే ఏదో ఉన్నట్టే.

"పక్క బస్తీల కోళ్లు సస్తున్నయట. మీది భీమవరం దిక్కే గద బిడ్డ?"

"కాదండీ. తెనాలి."

"అదే. కోళ్ల సంగతి నీకు ఎర్కనే ఉంటది. పశువుల దవాఖానకు పోదాం, రా."

కోడితో నా పరిచయం కూర దశ నుంచే మొదలవుతుంది. ఆ మాట చెప్పాను కూడా. కోస్తావాళ్లం వినయం కోసం అలా అంటామని ఆమె అనుకుంది. ఆమెకు కావలసింది సలహా కాదని ఆటోలో కూర్చున్నాక అర్థమైంది. ఇంగ్లీషులో ఏమన్నా రాసి ఉంటే చదివే మనిషి కావాలి.

దవాఖానలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఒక మేకను చూడటం ముగించి, చేతులు కడుక్కుని మా దగ్గరికి వచ్చింది.

"మీ కోళ్లకు రోగం ఇంకా రాలేదు కదా? అయితే టీకా వేయొచ్చు. కంట్లో ఒక్కో చుక్క. ఎన్ని ఉన్నాయి?"

"పద్నాలుగు."

"సీసాలో వంద కోళ్లకు సరిపడా ఉంటుందమ్మా. అంతకన్నా చిన్నది లేదు. పొడి ఒక సీసా, నీళ్లు ఒక సీసా. కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. మిగిలింది పారబొయ్యాలి."

ఓనరమ్మ ఆ సీసాను వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. బొటనవేలంత లేదు.

"ఎనబై ఆరు కోళ్ల మందు మోరిల పొయ్యాల్నా?"

"అందరూ అదే చేస్తారమ్మా."

"మా తాన గట్ల చెయ్యరు."

వాళ్ల దగ్గర ఎలా చేసేవారో చెప్పింది. వెనకట కాంపౌండర్ ఊళ్లోకి వచ్చేవాడట. వీళ్ల వాకిట్లో పీట వేసేవాళ్లు. ఊరందరూ గంపల కింద, సంచుల్లో, చంకల్లో కోళ్లను తెచ్చేవాళ్లు. ఒక్క సీసా, ఊరంతటి కోళ్లు, చుక్క మిగిలేది కాదు. వందకు నాలుగు తక్కువైతే పక్క ఊరి నుంచి నాలుగు తెప్పించేవాళ్లట.

డాక్టరమ్మ అంతా విన్నది. "అదే వద్దంటున్నాను. అన్నిటినీ ఒక చోటికి తెస్తే, అందులో ఒక్కదానికి రోగం ఉన్నా అన్నిటికీ తగులుతుంది. చుక్క వేయగానే పని చెయ్యదు, బలం రావడానికి వారం పది రోజులు పడుతుంది. మీరే ఇల్లిల్లూ తిరగండి. గడప గడపకూ చేతులు, కాళ్లు కడుక్కోండి."

"ఈ మోకాళ్లతోని రెండు గంటలల్ల ఎన్ని గడపలు ఎక్కుత? సగం ఇండ్లు మూడో అంతస్తుల ఉన్నయి."

చివరికి డాక్టరమ్మే దిగొచ్చింది. "అయితే గేటు దగ్గర ఒక మనిషిని పెట్టండి. కళ్లు మూసుకుని తూగేది, రెక్కలు వేలాడేసేది, నోరు తెరిచి ఊపిరి తీసేది, పచ్చగా పారేది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి కనిపించినా లోపలికి రానివ్వద్దు. ఎవరు చూస్తారు?"

"గీ బిడ్డ జూస్తడు" అని ఓనరమ్మ నన్ను చూపించింది. "తప్పులు వట్టుడే ఈయన నౌకరి."

డాక్టరమ్మ నన్ను ఎగాదిగా చూసి, నాలుగు లక్షణాలూ ఒక చీటీ మీద రాసి ఇచ్చింది.

మందు ఇంటికి రాగానే కోడలు వంటగది గుమ్మంలో నిలబడింది. "కోళ్ల మందు నా ఫ్రిజ్ల వద్దత్తమ్మా. పిల్లల పాలుంటయి." ఆ మాటతో మందు డాబా ఎక్కింది. పొడి సీసాను లోపల, పెరుగు పక్కన పెట్టాను. నీళ్ల సీసా తలుపు అరలోకి వెళ్లింది. తెల్లారి చూస్తే పొడి సీసా మీద మంచు పట్టింది. గాభరాగా ఫోను చేస్తే, పొడికి ఏమీ కాదు, నీళ్ల సీసా గడ్డకట్టకుండా చూసుకొమ్మని డాక్టరమ్మ చెప్పింది. ఓనరమ్మ కూడా వచ్చి ఫ్రిజ్ తలుపు తీసి, మంచు పట్టిన సీసానూ రాయైన పెరుగునూ చూసింది.

"గింత మంచిగ పనిచేస్తుంది. దీనిమీద లడాయేంది నీకు?"

ఆదివారం పొద్దున ఏడింటికి అని నిర్ణయించాం. ఇక వంద కోళ్లు కావాలి. అద్దాల భవనాల మధ్య వంద కోళ్లా అనుకున్నాను కానీ, నాకు ఈ ఊరు తెలియదని ఆ రెండు రోజుల్లో తెలిసింది. కిరాణా కొట్టు వెనక ఆరు, టైలరు డాబా మీద తొమ్మిది, లిఫ్టు లేని ఒక హాస్టల్ మెట్ల కింద నాలుగు. నేను రోజూ ఆఫీసుకు నడిచే దారిలో, గోడల అవతల ఇన్ని కోళ్లున్నాయి. ఓనరమ్మ మాట పంపితే శనివారం సాయంత్రానికి అరవై దాకా తేలాయి. భవనాలు కట్టే కూలీల రేకుల షెడ్లకు కూడా కబురు వెళ్లింది.

తక్కినవాటి కోసం నేను కూడా ఏదైనా చేద్దామని, మా ఆఫీసులో పెంపుడు జంతువులవాళ్ల గ్రూపులో ఒక సందేశం పెట్టాను. అందులో కుక్కలవాళ్లు, పిల్లులవాళ్లు, ఒక తాబేలాయన ఉంటారు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. హోదాలో నాకు మూడు మెట్లు పైన ఉండే పెద్దమనిషి దగ్గర్నుంచి, నేరుగా నాకే. ఆయనది దగ్గర్లోనే గేటెడ్ కమ్యూనిటీలో విల్లా. పెరట్లో మూడు కోళ్లు పెంచుతున్నాడట, జాతికోళ్లు. "గ్రేట్ ఇనిషియేటివ్" అని రాశాడు. ఆ కంపెనీలో ఆయన నాతో అన్న మొదటి రెండు మాటలు అవే. అది అప్రైజల్ నెల. ఆ సంగతిని నేను ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోలేదు. అలాంటివి వాటంతటవే గుర్తుంటాయి.

శనివారమంతా కూర్చుని ఎవరు ఎన్ని గంటలకు రావాలో ఒక పట్టిక వేశాను. ఇంటికి ఐదు నిమిషాలు, మధ్యలో చేతులు కడుక్కోవడానికి రెండు నిమిషాలు. చక్కగా, రంగులతో వేశాను. ఆదివారం ఏడు కాకముందే అందరూ ఒకేసారి వచ్చారు.

గేటు దగ్గర నాకో కుర్చీ, చేతిలో డాక్టరమ్మ చీటీ, పక్కన ఫినాయిల్ కలిపిన నీళ్ల బకెట్. లోపల వరండాలో ఓనరమ్మ పీట మీద కూర్చుంది. మందు కలిపి, ఐసుముక్కలున్న గిన్నెలో పెట్టింది. ముందు తన పద్నాలుగింటికీ చుక్క వేసి గూట్లోకి తోసేసింది. కోడిని ఒళ్లో పెట్టుకుని, తలను రెండు వేళ్లతో పక్కకు వంచి, కంట్లో చుక్క వదిలి, అది రెప్ప కొట్టేదాకా అలాగే పట్టుకునేది. రెప్ప కొట్టగానే వదిలేది. తొందరపడలేదు, ఆలస్యమూ చేయలేదు. గడియారం నేను చూస్తున్నాను గానీ, గంటల సంగతి ఆమె చేతులకే ఎక్కువ తెలిసినట్టుంది.

నేను కూడా నా పని శ్రద్ధగానే మొదలుపెట్టాను. టైలరు కోళ్లలో ఒకటి నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే వెనక్కి పంపాను. అతను గొణుక్కుంటూ పోయాడు. కొంచెం గర్వంగా అనిపించింది. అలాంటప్పుడే షెడ్ల నుంచి ఒకామె వచ్చింది. భవనం పనిలో ఇసుక మోస్తుంది, పాలమూరు దిక్కు మనిషి. రంగుల డబ్బాలో రెండు పెట్టలు. ఒకదానికి మెడ మీద, తోక దగ్గర ఈకలు లేవు. చర్మం ఎర్రగా కనిపిస్తోంది. చూడటానికి బాగాలేదు.

"దీనికేదో జబ్బున్నట్టుందమ్మా" అన్నాను.

"జబ్బు గాదు సారు. ఈకలు మార్సుకుంటుంది. ఏడాదికోపారి గట్లనే అయితది."

"రిస్క్ వద్దు. వెనక్కి తీసుకెళ్లండి."

"రెండోది మంచిగుంది గద సారు. దానికన్నా ఎయ్యమను."

"రెండూ ఒకే డబ్బాలో వచ్చాయి కదా."

నా తర్కం నాకే నచ్చింది. చీటీ తీసి చూడాలనిపించలేదు. చూసి ఉంటే, నాలుగు లక్షణాల్లో ఈకల మాటే లేదని తెలిసేది. ఆ డబ్బాలో పెట్టలు రెండూ కళ్లు గుండ్రంగా తెరిచి, మెడలు చాచి, నన్ను పైకీ కిందికీ చూస్తున్నాయి. ఆమె వాదించలేదు. డబ్బా మీద గుడ్డ కప్పుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆమె సందు తిరిగీ తిరగకముందే మా పెద్దమనిషి వచ్చాడు. నిక్కరు, తెల్లటి బూట్లు. చేతిలో పిల్లుల్ని తీసుకెళ్లే ప్లాస్టిక్ పెట్టె, దానికి గాలాడే కిటికీలు. అప్పటిదాకా గేటుకు ఒక రెక్కే తెరిచి ఉంచాను. ఆయన కోసం రెండు రెక్కలూ తెరిచాను. ఆయన కారులో రాలేదు, నడిచే వచ్చాడు.

పెట్టెలోకి వంగి చూశాను. రెండు కోళ్లు బాగానే ఉన్నాయి, దూదిలా తెల్లగా, కాళ్లకు కూడా ఈకలతో. మూడోది మూలకు ఒదిగి, బంతిలా ఉబ్బి, కళ్లు మూసుకుని ఉంది. ఒక రెక్క కిందికి జారి ఉంది. నా చీటీలో మొదటి లక్షణం, రెండో లక్షణం, అదే వరసలో.

"సర్, ఇది కొంచెం డల్‌గా ఉన్నట్టుంది..."

"ఓ, అదా? పోయిన వారమే తెచ్చాం. ఇంకా అడ్జస్ట్ అవుతోంది. కొంచెం ఇంట్రోవర్ట్."

నవ్వాను. మాట బాగానే ఉంది, కానీ నేను నవ్వింది మాటకు కాదు.

"రండి సర్" అన్నాను.

లోపల ఓనరమ్మ ముందు ఇంకా పది పన్నెండు మంది ఉన్నారు. వాకిట్లో నీడ ఉన్న చోటు ఒక్కటే, గూటి పక్కన. ఆయన తన పెట్టెను అక్కడే పెట్టాడు. కాసేపటికి, పాపం దాహంగా ఉన్నట్టుందని, ఆ మూడోదాన్ని బయటికి తీసి, గూటి ముందున్న నీళ్ల మూకుడు దగ్గర దించాడు. జంతువులంటే ప్రేమ ఉన్న మనిషి. అది ముక్కు ముంచింది, తల విదిలించింది, మళ్లీ కళ్లు మూసుకుంది. గేటు దగ్గర్నుంచి అదంతా నాకు కనిపిస్తూనే ఉంది. లేచి వెళ్లి చెప్పొచ్చు. ఇరవై అడుగుల దూరం కూడా లేదు. మూడు మెట్లు మాత్రం ఉన్నాయి.

ఆయన వంతు వచ్చాక ఓనరమ్మ ముందు ఆ మూడోదాన్నే అందుకుంది. ఒళ్లో పెట్టుకోలేదు. ఎడమచేత్తో బరువు చూసింది, బొటనవేలితో కనురెప్ప తెరిచి చూసింది, తోక కింద చూసింది. మళ్లీ పెట్టెలో పెట్టి మూత వేసింది.

"సారు, దీనికి చుక్క ఎయ్య. దీనితోని వచ్చినవాటికి గూడ ఎయ్య. ఇంటికి తీస్కపోయి దీన్ని ఏరుగ పెట్టుండ్రి. డాక్టర్‌కు సూపెట్టుండ్రి."

ఆయన ఏమీ అనుకోలేదు. థ్యాంక్యూ చెప్పి, నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఓనరమ్మ లేచి, బకెట్ దాకా వచ్చి, మోచేతుల వరకు ఫినాయిల్ నీళ్లతో కడుక్కుంది. మూకుడులోని నీళ్లు మోరీలో గుమ్మరించి, దాన్ని కూడా కడిగింది. తర్వాత నన్ను అడిగింది.

"గేటు కాడ జూడలేదా బిడ్డ?"

"హడావిడిలో గమనించలేదండీ."

"గంత మంది ఒక్కపారే వచ్చిరి మరి. నువ్వేం జేస్తవ్."

నేను మొదలుపెట్టిన అబద్ధాన్ని ఆమే పూర్తి చేసి నా చేతికిచ్చింది. నేను తీసుకున్నాను.

తొమ్మిదింటికి లెక్క చూస్తే డెబ్బై చిల్లర కోళ్లకు చుక్క పడింది. మిగిలినదాన్ని ఓనరమ్మ తానే మోరీలో పోసింది. పోస్తున్నంతసేపూ తల అటు తిప్పుకుంది.

సోమవారం, మంగళవారం ఏమీ లేదు. బుధవారం పెద్దమనిషి సందేశం పంపాడు. ఇంట్రోవర్ట్ కన్నుమూసిందట, చాలా బాధగా ఉందట. నేను చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాను. గురువారం మా పుంజు కూయలేదు. ఆ కూతకు ఎన్నో నెలలుగా నిద్ర లేస్తున్నాను గానీ, అది లేకపోతే ఆఫీసుకు ఆలస్యమవుతుందని ఆ రోజే తెలిసింది. కిందికి దిగి చూస్తే, పుంజు గూటి మూలలో తలను వెనక్కి తిప్పుకుని, ఆకాశంలో ఏదో వెతుకుతున్నట్టు నిలబడి ఉంది. మెడ సరిచేస్తే మళ్లీ అటే తిరుగుతోంది. నల్లపెట్ట నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది. గూట్లో నేలంతా పచ్చటి రెట్టలు. డాక్టరమ్మకు ఫోను చేస్తే, రోగం వచ్చాక మందు లేదని, బాగున్నవాటిని వేరుగా పెట్టి, పోయినవాటిని సున్నం వేసి పాతిపెట్టమని చెప్పింది.

పక్కింటాయన గోడ మీంచి చూసి ఒక ఉపాయం చెప్పాడు. "ఇంక పాణం ఉన్నప్పుడే కోసుకోరాదు? కూరన్న అయితది."

"నువ్వొచ్చి తిను" అంది ఓనరమ్మ. ఆయన గోడ దిగిపోయాడు.

పాతిపెట్టడానికి మట్టి కావాలి. ఈ ఊళ్లో ఇప్పుడు మట్టి దొరకడం కష్టం. సందులన్నీ సిమెంటు, ఖాళీ స్థలాలన్నింటికీ ప్రహరీ గోడ, కాపలా మనిషి. ఆ ఇంట్లో మట్టి మిగిలింది గూటికీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల జాగాలోనే. అక్కడే కొడుకు గుంట తవ్వాడు. నేను సున్నం చల్లాను. అతను తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. నాలుగు రోజులు పొద్దున్నే అదే పని. పద్నాలుగింటిలో రెండు మిగిలాయి. ఎర్రపెట్ట ఈసారి కూడా మిగిలింది. దాన్ని చూసి సంతోషించాలో, దాని బతుకు చూసి జాలిపడాలో తెలియలేదు.

ఆ ఆదివారం మా వాకిట్లోకి కోళ్లను తెచ్చినవాళ్లలో ఇంకో మూడిళ్లలో కూడా రోగం కనిపించింది. వాళ్లు వచ్చి అడిగింది ఓనరమ్మనే.

"నీ వాకిట్లకు వచ్చినంకనే గిట్లయింది" అంది కిరాణా కొట్టావిడ.

"అవును. నేనే రమ్మన్న" అంది ఓనరమ్మ.

నేను మెట్ల మీద నిలబడి విన్నాను. హడావిడి గురించి ఏదైనా చెప్పడానికి అది మంచి సమయమే. చెప్పలేదు. ఆ నెలాఖరుకు నా అప్రైజల్ ఎప్పటిలాగే మామూలుగా వచ్చింది. పెద్దమనిషి లిఫ్టులో కనిపించి, కోళ్లు మానేశామని, ఇప్పుడు చేపలు పెడుతున్నామని చెప్పాడు.

వానలు తెరిపిచ్చాక, ఒక ఆదివారం పొద్దున కొడుకు మేస్త్రీని తీసుకొచ్చాడు. నేను కింద మోటారు దగ్గరే ఉన్నాను. మేస్త్రీ గూటి ముందు టేపు సాగదీసి, పది బై పన్నెండు వస్తుందని, బాత్రూం కావాలంటే ఎనిమిదికి దిగాలని చెబుతున్నాడు. ఎర్రపెట్ట, దాని తోడు మిగిలినది, గంప కింద ఉన్నాయి.

"రెండు కోళ్లకు గూడెందుకమ్మా" అన్నాడు కొడుకు, మెల్లగానే.

"నేనేమన్నా అన్ననా?" అంది ఓనరమ్మ. వరండా మెట్టు మీద కూర్చుని మేస్త్రీ టేపునే చూస్తోంది. "అన్నంక అన్నట్టే. కొలుసుకోనీ."

అప్పుడే గేటు దగ్గర చప్పుడైంది. ఆ రోజు నేను వెనక్కి పంపిన షెడ్ల ఆమె, తలపాగా చుట్టుకుని, పనిలోకి వెళ్తూ ఆగింది. నన్ను చూసి నవ్వింది.

"సారు, మంచిగున్నరా? మీకే చెప్దామనుకుంటున్న. ఆ దినం మీరు ఎనక్కి పంపబట్టి మా కోళ్లు బతికినయి."

నేను ఏదో అనబోయాను. ఆమె ఓనరమ్మ వైపు తిరిగి చెప్పసాగింది.

"ఔనమ్మా. ఈకలు మార్సుకుంటున్న పెట్ట ఉంటుండె. జబ్బున్నదని సారు గేటు దాటనియ్యలే. నాకు జర కోపమొచ్చింది ఆ దినం. మా ఎనకనే ఒక పెద్ద సారు నా పక్కకెళ్లి కిటికీల డబ్బల తూగుతున్న కోడిని తెచ్చిండు. సందు మలుపు కాడికెళ్లి చూసిన. దానికి గేటు రెండు రెక్కలు తీసిండ్రు. నాదాన్నేమో పంపిండ్రు. ఇప్పుడు చూస్తే నాకే మంచిగైంది. ఈకలు గూడ మల్లొచ్చినయి. మీరు మల్ల కోళ్లు పెట్టుకుంటే చెప్పుండ్రి, ఒక పెట్టను పాలుకిస్త. పిల్లలైతే సగం మీకు, సగం నాకు."

ఆమెకు పనికి ఆలస్యమవుతోంది. నాకు మరోసారి దండం పెట్టి వెళ్లిపోయింది. మేస్త్రీ టేపు చుట్టుకుంటున్నాడు. కొడుకు గూటి రేకు ఒకటి వంచి చూస్తున్నాడు. ఓనరమ్మ గంప వైపు చూడలేదు, గూటి వైపు చూడలేదు. మెట్టు మీద అలాగే కూర్చుని, తీరిగ్గా నన్ను చూసింది.

"నిన్ను గేటు కాడ కోళ్లను జూడమని నిలబెట్టిన బిడ్డ. నువ్వు మనుషులను జూసినవ్."